కావలి పెరట్లో ఎల్డర్‌బెర్రీ పెట్టవచ్చా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. కావలికి తూర్పున, సముద్రానికి దగ్గరలో ఐదు సెంట్ల స్థలంలో ఇల్లు. వెనక పెరడంతా ఇసుక నేల, బోరు నీరు కాస్త ఉప్పన. న్యూజెర్సీలో ఉంటున్న మీ అమ్మాయి వాళ్ల ఇంటి వెనక ఎల్డర్‌బెర్రీ పొదలున్నాయి. ఆ పండ్లతో ఆమె సిరప్ కాచి పిల్లలకు జలుబు చేసినప్పుడు ఇస్తుంది. సంక్రాంతికి వచ్చేటప్పుడు నాలుగు కొమ్మ ముక్కలు పెట్టెలో పెట్టుకుని తెస్తానంటోంది. ఎక్కడ నాటాలి, ఎంత ఎడం ఇవ్వాలి, ఎన్నాళ్లకు కాస్తుంది అన్నవి మీ సందేహాలు.

ముందు అమ్మాయికి ఫోను చేసి కొమ్మలు తేవద్దని చెప్పండమ్మా. ఎల్డర్‌బెర్రీ మీద మనసు పడితే ఒకే ఒక మొక్క, అదీ సరైన జాతి చూసి, మన దేశంలోని నర్సరీ నుంచే తెచ్చుకోండి. సిరప్ కాచుకోవడానికి, మనవళ్లు కోసుకుని తినడానికి మాత్రం వాక్కాయ, ఫాల్సా నాటండి. కారణాలు చెప్పకుండా ఈ మాట అంటే మీరు ఒప్పుకోరు కాబట్టి వివరంగానే రాస్తున్నాను.

కొమ్మల సంగతి మొదట. విదేశాల నుంచి మొక్కలు తేవడానికి 2003లో వచ్చిన ప్లాంట్ క్వారంటైన్ ఉత్తర్వు వర్తిస్తుంది. ముందుగా ఇక్కడ దిగుమతి అనుమతి తీసుకోవాలి, అక్కడి ప్రభుత్వ అధికారుల నుంచి మొక్కకు తెగుళ్లు, పురుగులు లేవన్న ధ్రువపత్రం తేవాలి. నాలుగు కొమ్మల కోసం ఎవరూ అంత పని పెట్టుకోరు, దొంగచాటుగా తెస్తారు. అక్కడే నాకు అభ్యంతరం. స్పాటెడ్ లాంటర్న్‌ఫ్లై అనే పురుగు 2014లో పెన్సిల్వేనియాలో బయటపడి పక్కనున్న న్యూజెర్సీకి కూడా పాకింది. అది బెరడు మీద ఎండిన బురద మరకలాగా గుడ్లు పెడుతుంది. చలికాలమంతా ఆ గుడ్లు అలాగే ఉంటాయి. సంక్రాంతికి వచ్చే మనిషి డిసెంబరులోనో జనవరిలోనో కదా కొమ్మ కోసేది! మన పెరట్లో ఉన్న పురుగులు మనకు చాలు.

ఇక మొక్క విషయం. తోటల్లో పెంచే ఎల్డర్‌బెర్రీలు ప్రధానంగా రెండు. ఒకటి యూరప్ జాతి, సాంబుకస్ నైగ్రా. ఇది చలి దేశపు పొద. శీతాకాలంలో ఆకు రాల్చి నిద్రపోయి, వసంతంలో చిగురిస్తుంది. జనవరిలో కూడా మన దగ్గర రాత్రి ఉష్ణోగ్రత సగటున 20 డిగ్రీల దగ్గరే ఆగుతుంది, కాబట్టి దీని ఊసు వదిలేయవచ్చు. రెండోది అమెరికా జాతి, సాంబుకస్ కెనడెన్సిస్. పేరులో కెనడా ఉన్నా ఇది ఫ్లోరిడాలో కూడా కాలువ గట్ల మీద, చిత్తడి నేలల అంచున దానంతటదే పెరుగుతుంది. అక్కడ శీతాకాలంలో పూర్తిగా ఆకు కూడా రాల్చదు. అందుకే ఇంటర్నెట్‌లో చాలా మంది 'ఫ్లోరిడాలో పెరిగేది నెల్లూరులో ఎందుకు పెరగదు' అని వాదిస్తుంటారు. వాదన వినడానికి బాగానే ఉంటుంది.

ఫ్లోరిడాలో వేడి, వాన కలిసి వస్తాయి. అక్కడ జూన్ నుంచి సెప్టెంబరు దాకా వానాకాలం. మండే నెలల్లోనే నేల తడిగా ఉంటుంది, గాలిలో తేమ ఉంటుంది. మనకు సరిగ్గా తలకిందులు. నైరుతి ఋతుపవనాలు మన తీరానికి వచ్చేసరికి చేతులు దులుపుకుని వస్తాయి. నెల్లూరు జిల్లాకు ఏడాది మొత్తం మీద పడే వానలో సగానికి పైగా అక్టోబరు, డిసెంబరు మధ్యలోనే కురుస్తుంది. మే నెలలో పగటి వేడి 40 డిగ్రీలు దాటుతుంది, రోహిణి కార్తెలో పడమటి గాలి లేచిందంటే ఉతికి ఆరేసిన దుప్పటి అరగంటలో పెళపెళలాడుతుంది. జూలై, ఆగస్టు నెలల్లో కూడా చాలా రోజులు ఎండ గట్టిగానే ఉంటుంది. ఎల్డర్‌బెర్రీ వేళ్లు ఎక్కువ భాగం నేల పైపొరలోనే పరుచుకుంటాయి, లోతుకు పోవు. ఆకులు పలుచన, వెడల్పు. పైన వడగాలి, కింద నిప్పులా కాలే ఇసుక, రెండింటి మధ్య ఆ మొక్క పరిస్థితి ఊహించుకోండి. చస్తుందని నేను ఖాయంగా అనడం లేదు. నీళ్లు పోస్తే బతకవచ్చు. బతకడం వేరు, గుత్తులు గుత్తులుగా కాయడం వేరు. పైగా దానికి కాస్త పులుపు ఉన్న మట్టి, అంటే పీహెచ్ 5.5 నుంచి 6.5 మధ్య నేల ఇష్టం. మీ ఇసుకకు ఉప్పు బోరు నీళ్లు తోడైతే ఆకు అంచులు మాడిపోవడం మొదట కనబడే లక్షణం. ఒంగోలు చుట్టుపక్కల నల్లరేగడి వాళ్లకు తడి నిలుస్తుంది గానీ వేసవిలో నేల నెర్రెలు విచ్చి పైవేళ్లను తెంపేస్తుంది. కనిగిరి, మార్కాపురం వైపు ఎర్ర గరుసు నేలల్లో అసలు వానే తక్కువ. మొత్తం మీద నెల్లూరు, ఒంగోలు ప్రాంతాల్లో దానికి అనువైన మూల వెతకడం కష్టం.

అయినా సరే ఒకటి పెట్టి చూస్తానంటారా, మంచిది. పట్టుదల ఉన్నవాళ్ల పెరళ్లలోనే కొత్త మొక్కలు నిలుస్తాయి. కొనేటప్పుడు జాతి పేరు అడగండి, కెనడెన్సిస్ అని రాసిస్తేనే తీసుకోండి. విత్తనాల ప్యాకెట్లు కొనకండి. ఆ గింజలకు నెలల తరబడి చల్లదనం చూపిస్తే గాని మొలకెత్తవు, ఫ్రిజ్‌లో దాచి తీసినా అన్నీ మొలవవు. ఇంకో మోసం ఉంది. మన వీధుల్లో గోడల పక్కన పసుపు పచ్చని బూరల్లాంటి పూలు పూసే టెకోమా మొక్క ఉంటుంది కదా, దానికి ఇంగ్లీషులో యెల్లో ఎల్డర్ అని పేరు. ఎల్డర్ అని అడిగితే అది అంటగట్టే నర్సరీలున్నాయి. ఆకు చూస్తే రెండూ కొంచెం పోలికగానే ఉంటాయి. ఎదురెదురుగా జతలుగా వచ్చే ఆకులు, రంపపు అంచు రెండింటికీ ఉంటాయి. ఎల్డర్‌బెర్రీ కొమ్మను అడ్డంగా కోస్తే మధ్యలో మెత్తని తెల్లటి బెండు కనబడుతుంది, ఆకు నలిపితే వాసన బాగుండదు, పూలు చిన్నవిగా, మీగడ రంగులో, పళ్లెంలా పరుచుకున్న గుత్తిగా వస్తాయి. టెకోమాకు పొడవాటి ఎండు కాయలు తప్ప పండు అనేదే ఉండదు.

నాటే కాలం విషయంలో వేరే ప్రాంతాల వీడియోలు చూసి మోసపోకండి. వాళ్లు జూన్‌లో నాటమంటారు. మనకు చిత్త, స్వాతి కార్తెల వానలు పడ్డాక, అక్టోబరు చివరి నుంచి నాటాలి. అప్పటి నుంచి ఎండలు ముదిరేలోగా వేరు నిలదొక్కుకోవడానికి నాలుగు నెలలు దొరుకుతాయి. ఈ మాట ఎల్డర్‌బెర్రీకే కాదు, మన తీరంలో పెరట్లో పెట్టే ఏ పొదకైనా వర్తిస్తుంది. ఇంటికి తూర్పు పక్కన, మధ్యాహ్నం నుంచి గోడ నీడ పడే చోటు ఎంచుకోండి. పడమటి గాలికి అడ్డంగా అరటి పిలకలు రెండు మూడు పెడితే ఇంకా మేలు. రెండడుగుల గుంత తీసి, తీసిన ఇసుకలో సగం పారేసి, దాని బదులు చెరువు మట్టి, బాగా చివికిన పశువుల ఎరువు, రెండు గుప్పిళ్ల వేపపిండి కలిపి నింపండి. ఇసుక నేలకు చెరువు మట్టిని మించిన మందు లేదు. వేసవిలో చెరువులు ఎండినప్పుడు ఒక ట్రాక్టరు తోలించుకుంటే పెరడంతటికీ సరిపోతుంది. మొదలు చుట్టూ వేరుశనగ పొట్టో వరిగడ్డో జానెడు మందాన కప్పి ఉంచండి, కాండానికి మాత్రం తగలనివ్వకండి, చెద పడుతుంది. వేసవిలో రోజు విడిచి రోజు నీళ్లు తప్పవు. వాననీటి తొట్టి ఉంటే ఆ నీళ్లు దీనికి కేటాయించండి. తుఫాను రోజుల్లో పైవేళ్ల పొద కాబట్టి కర్ర పాతి కట్టాలి.

పొద ఆరు నుంచి పన్నెండు అడుగులు ఎదుగుతుంది, చుట్టూ ఎనిమిదడుగులైనా వదలాలి. ఒక్క మొక్కకూ కొంత కాస్తుంది గాని, వేరే రకం ఇంకొకటి దగ్గరలో ఉంటేనే కాపు బాగుంటుంది. అమెరికాలో ఆడమ్స్, యార్క్ అనే రకాలను జతగా పెట్టేది అందుకే. కొత్త కొమ్మలు మొదలు నుంచి వస్తూనే ఉంటాయి. మూడేళ్లు దాటిన ముసలి కొమ్మలను నేలకు సమానంగా కోసేయాలి. ఇంతకంటే దీని పోషణలో రహస్యం ఏమీ లేదు.

విషం సంగతి మాత్రం తేలిగ్గా తీసుకోకండి. ఇంట్లో మనవళ్లు తిరుగుతారు కాబట్టి నొక్కి చెబుతున్నాను. ఎల్డర్‌బెర్రీ ఆకు, కాడ, వేరు, పచ్చి కాయ, గింజల్లో సయనైడును విడుదల చేసే పదార్థాలుంటాయి. పండును కూడా పచ్చిగా తినకూడదు, ఉడికించాలి. 1983 ఆగస్టులో కాలిఫోర్నియాలోని మాంటెరీ కౌంటీలో ఆకులు, కాడలతో సహా పచ్చిగా పిండిన రసం తాగిన వారిలో 8 మందిని హెలికాప్టరులో ఆసుపత్రికి చేర్చాల్సి వచ్చింది. అందరూ కోలుకున్నారు, అది వేరే సంగతి. కొమ్మలోని బెండు తీసేసి ఊదే గొట్టాలు చేసుకుని నోట్లో పెట్టుకున్న పిల్లలకు కూడా విషప్రభావం కలిగిన సందర్భాలున్నాయి. మన పిల్లలు బొప్పాయి కాడతో చేసే పని ఏమిటో మీకు తెలుసు. జలుబు మందుగా దాని గొప్పతనం మీద నాకు పెద్ద నమ్మకం లేదు. జలుబు ఎలాగూ వారంలో తగ్గుతుంది, తగ్గించిన పేరు సిరప్ కొట్టేస్తుంది. ఆ సిరప్‌లో తేనె కలుపుతుంటే మాత్రం ఏడాది నిండని బిడ్డకు ఇవ్వకూడదని అమ్మాయికి చెప్పండి.

ఇప్పుడు మీ పెరటికి నిజంగా కావలసిన పొద గురించి మాట్లాడతాను. నల్లని పండు, సిరప్‌కు పనికొచ్చే పులుపు, కంచెగా నిలిచే గుబురు కావాలంటే వాక్కాయను మించింది లేదు. ఇది మన గడ్డ మీద పుట్టిన జాతి. ఉదయగిరి, రాపూరు కొండల వైపు వెళితే దీని చుట్టమైన కలివి పొదలు ఎవరూ నీళ్లు పోయకుండానే పెరుగుతుంటాయి. రోహిణి ఎండకు ఆకు వాల్చదు. ఇసుక, గరుసు, కాస్త ఉప్పు నేల అన్నింటినీ ఓర్చుకుంటుంది. ఆకు దళసరిగా, మెరుపుగా ఉంటుంది. పొడి గాలి దాన్ని పెద్దగా బాధించదు. వేసవి తొలినాళ్లలో మల్లెను తలపించే తెల్లని పూలు పూస్తాయి, కాయలు జూన్ నుంచి ఆగస్టు దాకా అందుతాయి. పచ్చికాయ పప్పులోకి, పచ్చడిలోకి, పులిహోరలోకి. పూర్తిగా నల్లబడిన పండు పిల్లల జేబుల్లోకి. బేకరీలో కేకు మీద ఎర్రగా కూర్చునే 'చెర్రీ' చాలాసార్లు రంగువేసి పాకం పట్టిన వాక్కాయే. మన వస్తువును మనకే చెర్రీ అని అమ్ముతారు!

గింజతో పెంచాలంటే పండు నుంచి తీసిన వెంటనే నాటాలి, ఎండబెట్టి డబ్బాలో దాచితే మొలకెత్తే శక్తి త్వరగా పోతుంది. గింజ మొక్క కాపుకు రావడానికి మూడు నాలుగేళ్లు పడుతుంది. త్వరగా కావాలంటే గాలి అంటు కట్టిన (చెట్టు మీద ఉండగానే కొమ్మకు వేరు పట్టించిన) మొక్క కొనండి. కొమ్మ ముక్కలు గుచ్చితే వేరు పట్టడం కష్టం, ఆ ప్రయత్నం వద్దు. రకాల్లో పంత్‌నగర్ విశ్వవిద్యాలయం వారి పంత్ మనోహర్, పంత్ సుదర్శన్, పంత్ సువర్ణ, కొంకణ్ నుంచి వచ్చిన కొంకణ్ బోల్డ్ పేరున్నవి. అవి దొరకకపోయినా, మీ ఊరి చుట్టుపక్కల పెద్ద కాయ కాసే పొద ఒకటి చూసి దాని నుంచి అంటు కట్టించుకోండి. మీ నేలకు అలవాటుపడిన మొక్క అది. కంచె కోసమైతే మూడడుగులకొకటి, విడి పొదగా అయితే పదడుగుల ఎడం. మొదటి రెండు వేసవులు వారానికి రెండుసార్లు నీళ్లు ఇస్తే చాలు, ఆ తరువాత దాని బతుకు అది చూసుకుంటుంది. కోత అయిపోయాక ఎండు కొమ్మలు, లోపలికి దూరిన కొమ్మలు తీసేసి, వానలకు ముందు ఒక తట్ట ఎరువు వేయండి. ఎదిగిన పొద నాలుగైదు కిలోలు ఇస్తుంది, మంచి రకమైతే ఇంకా ఎక్కువే.

దీనికీ లోపాలున్నాయి. ముళ్లు పదునైనవి, చెప్పులు లేకుండా కింద తిరగకూడదు, పిల్లలు ఆడుకునే దారి పక్కన పెట్టకూడదు. కాయ తెంపితే జిగట పాలు కారతాయి. కోసే ముందు చేతులకు కొబ్బరి నూనె రాసుకుంటే అంటుకోదు, కోసిన కాయలను నీళ్లలో కాసేపు వదిలి కడగాలి. కంచె బాగా గుబురైతే అడుగున ఎండుటాకులు చేరి పాములకు చోటవుతుంది, అందుకని కింద అడుగున్నర ఎత్తు వరకు కొమ్మలు తీసి శుభ్రంగా ఉంచండి.

సిరప్ ఇలా కాయండి. పూర్తిగా నల్లబడిన పండ్లు కిలో తీసుకుని, మునిగేటన్ని నీళ్లు పోసి, స్టీలు గిన్నెలో మెత్తబడేదాకా ఉడికించండి. పులుపు ఎక్కువ కాబట్టి అల్యూమినియం గిన్నె వాడకండి. పలుచని గుడ్డలో వడగట్టి, రసం ఎంత ఉంటే అంత పంచదార పోసి సన్నని సెగ మీద పెట్టండి. చిన్న అల్లం ముక్క, నాలుగు లవంగాలు వేస్తే అమ్మాయి చేసే సిరప్ రుచికి దగ్గరగా వస్తుంది. తీగపాకానికి ముందే దించాలి. వాక్కాయలో గడ్డకట్టే గుణం ఎక్కువ. రెండు నిమిషాలు ఆలస్యమైతే సిరప్ కాస్తా జెల్లీ అవుతుంది. అయినా నష్టం లేదు, చపాతీలోకి తినండి.

ఫాల్సా రెండో పొద. జాన అని కూడా అంటారు. బఠాణీ గింజంత పండు, ఊదారంగు, తీపి పులుపు. దీనికి ముళ్లు లేవు, కాబట్టి పిల్లల వైపు దీన్ని పెట్టండి. సంక్రాంతి లోపు పొదను నడుమెత్తుకు కత్తిరించి, ఎరువు వేసి నీళ్లు పెడితే కొత్త చిగురు మీద పూత వచ్చి, సరిగ్గా ఎండలు మండే ఏప్రిల్, మే నెలల్లో పండుతుంది. కత్తిరించని పొద ఎత్తు పెరుగుతుంది గాని అంతగా కాయదు. పండ్లన్నీ ఒకేసారి రావు, రోజూ ఒక గుప్పెడు. కోసిన మరునాటికే మెత్తబడిపోతుంది, అందుకే బజారులో అరుదు. ఇంట్లో ఉన్నవాళ్లకే దక్కే పండు అది. పిసికి, వడగట్టి, చక్కెర, చిటికెడు ఉప్పు వేసిన షర్బత్ ముందు సీసా పానీయాలు దిగదుడుపే. గింజ నాటినా ఏడాదిన్నర, రెండేళ్లకు తొలి కాపు చూడవచ్చు. పిగిలిపిట్టలకు కూడా ఇదంటే ప్రాణం, పండే రోజుల్లో పొద మీద వల కప్పుకోవాలి.

మల్బరీ ఇంకా సులువు. పెన్సిలు లావు కొమ్మను మూడు కళ్లుండేలా జానెడు ముక్క కోసి వానల్లో గుచ్చితే చాలు. కాపు ఆగినప్పుడు కొమ్మలు తుంచి ఆకు దూసేస్తే కొత్త చిగురుతో పాటే కాయలు వస్తాయి. వేళ్లు దూకుడుగా నీటిని వెతుక్కుంటూ పోతాయి, సెప్టిక్ ట్యాంకుకు పదడుగుల దూరంలో ఉంచండి.

ఐదు సెంట్లలో ఇల్లు పోగా మిగిలేది తక్కువే కాబట్టి ఇలా సర్దుకోండి. పడమటి హద్దు వెంట వాక్కాయ కంచె. అదే వడగాలికి అడ్డుగోడ కూడా అవుతుంది. దానికి ఇవతల పదడుగులు వదిలి ఫాల్సా రెండు. వంటింటి వైపు మల్బరీ ఒకటి. కంచె రెండు మూడేళ్లకు గుబురెక్కి గాలి ఆపడం మొదలయ్యాక, తూర్పు గోడ నీడలో ఆ ఎల్డర్‌బెర్రీ పెట్టండి. ఇప్పుడే పెడితే కాసే ఎండను ఒంటరిగా ఎదుర్కోవాలి, అప్పుడైతే చుట్టూ కాస్త చల్లదనం ఉంటుంది.

ఈలోగా బోరు నీటిని పరీక్ష చేయించండి. నెల్లూరులో, దర్శిలో కృషి విజ్ఞాన కేంద్రాలున్నాయి, మట్టి, నీటి పరీక్ష ఎక్కడ చేస్తారో అక్కడ అడిగితే చెబుతారు. నివేదికలో ఈసీ అనే అంకె, అంటే నీటిలో ఉప్పు ఎంతో చెప్పేది, డెసీసీమెన్స్ లెక్కలో చూడండి. అది 2 దాటితే ఎల్డర్‌బెర్రీ ఆలోచన పూర్తిగా మానుకోండి, మల్బరీకి కూడా వాననీళ్లే పోయాల్సి వస్తుంది. వాక్కాయ, ఫాల్సాలకు మాత్రం అక్టోబరు వానల కోసం ఇప్పుడే గుంతలు తీసి పెట్టుకోవచ్చు. అంకె వచ్చాక ఇక్కడ రాస్తే, ఏ మొక్కకు ఎన్ని నీళ్లన్నది లెక్క వేసి చెబుతాను.